నాలుకలు చూసిన మధ్యాహ్నం

ఆ అగ్గిపెట్టెల కంపెనీ ఆవరణలో ఉన్నది ఒకే ఒక్క చెట్టు, నేరేడు. తమిళనాడులో కోవిల్‌పట్టికి తూర్పున, నల్లరేగడి నేల ఎండకు పగుళ్ళిచ్చే చోట, ఒక పాత బావి చెమ్మను పట్టుకుని అది బతికింది. ఆడి మాసం, అంటే మన ఆషాఢం, దగ్గర పడితే చాలు, చెట్టు కింద గచ్చంతా ఊదారంగు పూసినట్టయ్యేది. పెట్టెల్లో పుల్లలు నింపే ఆడవాళ్ళు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అక్కడికి వెళ్ళి, రాలిన పండ్లు ఏరి, కుళాయి కింద కడుక్కుని తినేవాళ్ళు. ఇన్నేళ్ళలో ఎవరూ వద్దనలేదు.

ఈ ఏడు మాత్రం మేనేజర్ వెంకటరామన్ వద్దన్నాడు. కంపెనీ యజమానిని అక్కడ అందరూ మొదలాళి అంటారు. ఆయన కుటుంబం విరుదునగర్‌లో ఉంటుంది. మొదలాళి తల్లికి షుగరు. నేరేడుపండ్లు మంచివని ఎవరో చెప్పారట. అందుకని పండ్లన్నీ ఆ ఇంటికి పోవాలి, చెట్టు కిందికి ఎవరూ వెళ్ళకూడదు అని మేనేజర్ చెప్పాడు. ఆ పని చూడమని సెందిల్‌కుమార్‌కి అప్పగించాడు.

సెందిల్ సూపర్‌వైజర్ అయి ఇంకా ఏడాది కాలేదు. అంతకుముందు అదే కంపెనీలో అగ్గిపెట్టెల బండిళ్ళు మోసేవాడు. అతని తల్లి వళ్ళి అతను పుట్టకముందు నుంచీ పెట్టెలు నింపుతోంది. ఆమె వరుసలోనే కూర్చునే పెరియనాయగి అతణ్ణి చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగిన మనిషి, వరసకు పెద్దమ్మ. సూపర్‌వైజర్ అయిన రోజున సెందిల్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. గేటు లోపల తెలుగు మాట్లాడకూడదు. తరతరాలుగా ఆ ప్రాంతంలోనే ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే. కానీ పనిచోట తెలుగులో పలకరిస్తే మన పిల్లవాడేలే అనుకుంటారు, మాట వినరు అని అతని భయం. తల్లి ఏమైనా అడిగినా తమిళంలోనే బదులిచ్చేవాడు. అందరిలాగే ఆమెను "వళ్ళియమ్మా" అనేవాడు. వళ్ళి దానికి నవ్వుకునేది. కొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ వరసల మధ్య నడుస్తుంటే ఆమెకు అదే చాలు.

ఆ రోజు పొద్దున మాయాండి అనే పనివాడు చెట్టెక్కి కొమ్మలు దులిపాడు. కింద పట్టిన దుప్పట్లోంచి మంచి పండ్లు ఏరి సెందిల్ గంపకెత్తాడు. ఏరుతూ ఏరుతూ నోట్లో వేసుకున్నాడు. అదేమంత తప్పనిపించలేదు. గంపను ఆఫీసు గదిలో పెట్టి తడిగుడ్డ కప్పాడు. తర్వాత అక్కడే కూర్చుని హాజరు రాసుకుంటుంటే, చెయ్యి దానంతటదే గుడ్డ కిందికి పోతూ వచ్చింది. గింజలు కిటికీలోంచి బయటికి ఊశాడు. తీపీ వగరూ కలిసిన పండు, ఒకటి తింటే ఇంకొకటి తినాలనిపిస్తుంది. తను ఎన్ని తిన్నాడో అతనికే తెలియలేదు.

మధ్యాహ్నం మేనేజర్ గదిలోకి వచ్చి గుడ్డ తీశాడు.

"ఏమయ్యా, గంప నిండిందన్నావు. ఇదేంటి, ఇంత వెలితిగా ఉంది?"

సెందిల్ అప్పుడే ఒక పండు మింగాడు. అగ్గిపుల్లల మందు దుమ్ము పడకుండా చెవికి వేలాడేసుకున్న మాస్కును చప్పున ముక్కు మీదికి లాక్కున్నాడు. నేనే తిన్నాను సార్ అంటే మేనేజర్ విసుక్కుని ఊరుకునేవాడేమో. ఆ మాట నాలుక చివరదాకా వచ్చింది కూడా. కానీ బయటికి వచ్చింది వేరే మాట.

"అన్నాల వేళ తలుపు తీసే ఉంది సార్. ఆడవాళ్ళెవరో తీసుంటారు."

"ఎవరు?"

"కనిపెట్టొచ్చు సార్. ఏమైనా దాచగలరు గానీ, నేరేడుపండు తింటే నాలుక దాచలేరు."

మేనేజర్ ఒక్క క్షణం అతని వైపు చూసి, నవ్వి, భుజం తట్టాడు. "తెలివైనవాడివే." ఆ చెయ్యి భుజం మీద పడ్డప్పుడు సెందిల్‌కి లోపల హాయిగా అనిపించింది. తర్వాత ఎన్నో రోజులు అతను మరిచిపోలేకపోయింది ఆ హాయినే.

షెడ్డులో ఆడవాళ్ళందరినీ వరసగా నిలబెట్టారు. మొదట అది వేళాకోళంగానే సాగింది. వయసులో ఉన్నవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ, పకపకా నవ్వుతూ నాలుకలు జాపారు. ఒకామె కళ్ళు కూడా పెద్దవి చేసి కాళి వేషం కట్టినట్టు చూపిస్తే అందరూ నవ్వారు. కానీ పెద్దవాళ్ళ వంతు వచ్చేసరికి నవ్వు తగ్గింది. పళ్ళు ఊడిన ఒక ముసలామె కొంగు అడ్డం పెట్టుకుని, పక్కకి తిరిగి, నాలుక కొస మాత్రం చూపించింది. "సరిగా చూపించమను," అన్నాడు మేనేజర్ వెనకనుంచి. సెందిల్ ఆ మాటే మళ్ళీ చెప్పాడు. ఆమె కొంగు తీసింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

వళ్ళి వంతు వచ్చింది. ఆమె కొడుకు ముఖంలోకి చూడలేదు. అతని చొక్కా గుండీ వైపు చూస్తూ నోరు తెరిచి నాలుక జాపింది. "సరే," అన్నాడు సెందిల్ తమిళంలో. పక్కకు జరిగాడు.

వరస చివర ఇసక్కిసెల్వి ఉంది. పెళ్ళయి చాలాకాలమైనా పిల్లలు లేని మనిషి. భర్త పాలసామి పత్తి గోదాముల్లో మూటలు మోస్తాడు. సెందిల్ ఎదురుగా వచ్చి నిలబడగానే ఆమె పెదవులు గట్టిగా బిగించింది.

"నోరు తెరువు."

తల అడ్డంగా ఊపింది.

"దొరికింది, ఈవిడే," అన్నాడు మేనేజర్.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు తెరిచింది. నాలుక ఊదారంగులో ఉంది. అలా తెరిచిన నోటితోనే ఆమె గోడవైపు పరిగెత్తి, వంగి, భళ్ళున వాంతి చేసుకుంది. పెరియనాయగి వెంట పరిగెత్తి ఆమె నుదురు పట్టుకుంది. వీపు నిమురుతూ నిమురుతూ ఒక్కసారి ఆగి, చెవి దగ్గర ఏదో అడిగింది. ఇసక్కిసెల్వి ఏడుస్తూ తల ఊపింది. చూస్తున్న ఆడవాళ్ళందరికీ సంగతి అర్థమైంది. నాలుగేళ్ళ కిందట కడుపు పోయాక ఈసారి మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్న సంగతి అది. అత్తకు కూడా ఇంకా తెలియదు.

కాసేపటికి ఆమె ముఖం కడుక్కుని వచ్చి మేనేజర్‌తో తమిళంలో చెప్పుకుంది. గోడ వారగా రాలిన పండ్లు ఏరుకున్న మాట నిజమే. గంప సంగతి తనకు తెలియదు. ఆఫీసు గది గడప కూడా తొక్కలేదు. మందు వాసనకు కడుపులో ఏదీ నిలవడం లేదు, ఆ పండు ఒక్కటే నిలుస్తోంది.

"పండు దొంగతనం చేసి కథలు చెప్తున్నావా? రేపట్నుంచి రావద్దు," అన్నాడు మేనేజర్.

అప్పుడు పెరియనాయగి సెందిల్‌కి ఎదురుగా వచ్చి నిలబడింది. కంపెనీలో ఆమె కూడా తమిళమే మాట్లాడేది, అతని ముచ్చట కాదనలేక. ఇప్పుడు తెలుగులో, వరసంతా వినేటట్టు అంది.

"ఆ మొగానికి కట్టుకోనుండేది ఇప్పరా సెందిలు. ఆఫీసు కిటికీ కింద గింజలు కుప్పగా ఉండాయి. నేను చూసినా. నీ నాలిక చూపీ. మేమంతా చూపిస్తిమి కదా, నువ్వూ చూపీ."

మేనేజర్‌కి తెలుగు రాదు. "ఏమంటోంది?" అని అడిగాడు.

వరసలో సగంమంది తెలుగిళ్ళవాళ్ళు. వాళ్ళకు ఆమె అన్నదీ అర్థమైంది, అతను చెప్పబోయేదీ అర్థమవుతుంది. ఆ సంగతి సెందిల్‌కి తెలుసు. తల్లి అక్కడే ఉందనీ తెలుసు. తెలిసే, మాస్కు వెనకనుంచి తమిళంలో చెప్పాడు.

"ఏం లేదు సార్. పాపం చిన్నపిల్ల, ఈసారికి క్షమించమని అడుగుతోంది."

"క్షమించడాలు లేవు. అందరూ పనిలోకి పొండి," అని మేనేజర్ వెళ్ళిపోయాడు.

తెలుగు రానివాళ్ళకు పక్కవాళ్ళు మెల్లగా చెవిలో చెప్పారు. ఆ గుసగుస వరస పొడుగునా పోవడం సెందిల్‌కి వినబడింది. పెరియనాయగి అతణ్ణి ఇంకోసారి చూడకుండా వెళ్ళి తన చోట కూర్చుని పుల్లలు అందుకుంది. ఇసక్కిసెల్వి గిన్నెల సంచీ తీసుకుని గేటువైపు నడిచింది. సెందిల్ ఆఫీసులోకి పోయి తలుపు వేసుకుని, చొక్కా అంచుతో నాలుకను రక్తం వచ్చేలా రుద్దుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తల్లి అప్పటికే వంట ముగించింది. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. ఆమె కంచం పెట్టి, అన్నం వడ్డించి, పులుసు పోసి, "సాప్పిడుంగ" అంది. తినండి అని, తమిళంలో, బయటివాళ్ళతో మాట్లాడే మర్యాదతో. ఆ ఇంట్లో ఆ భాష ఎప్పుడూ వినబడలేదు. సెందిల్ తలెత్తాడు.

"ఏందిమ్మా ఇది?"

"ఇంకా ఏమైనా కావాలా సార్?" అంది ఆమె, అదీ తమిళంలోనే.

కోపంతో అంటే తట్టుకునేవాడు. ఆమె ముఖంలో కోపం లేదు. వేరేవాళ్ళ కొడుక్కి అన్నం పెట్టినట్టు పెట్టింది, అంతే. అతను ఆ అన్నం ఎలా తిన్నాడో అతనికే తెలియాలి.

మర్నాడు కంపెనీ వ్యానులో గంప పెట్టుకుని విరుదునగర్ వెళ్ళాడు. సాత్తూరు దాటేదాకా డ్రైవర్ ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. సెందిల్‌కి ఒక్క ముక్కా ఎక్కలేదు. మొదలాళి ఇల్లు బజారు వెనక వీధిలో ఉంది. ముందు వసారాలో మొదలాళి తల్లి ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో నేరేడుపండ్లు. పక్కన చిన్న మనవరాలు.

"కోవిల్‌పట్టి నుంచా? అయ్యో, ఇంత దూరం మోసుకొచ్చావా? తోపుడుబండి మీద రోజూ వస్తాయి కదా ఇక్కడికి," అంది ముసలామె. "అక్కడ పెట్టు. పనమ్మాయి చూసుకుంటుంది."

గంప మూల పెట్టాడు. ఇంతలో ఆ పాప అతని ముందుకు పరిగెత్తుకొచ్చి, మెడ ముందుకు చాచి, నాలుక బయట పెట్టింది. నల్లగా మెరుస్తోంది. "నాదే నలుపా, అవ్వదా?" అని అడిగింది. ముసలామె నవ్వుతూ తన నాలుక కూడా జాపింది. లోపలనుంచి పాప తల్లి ఫోను తెచ్చి ఇద్దరినీ కలిపి ఫోటో తీసింది. "మీరూ చూపించండి," అంది పాప అతనితో.

సెందిల్ నోరు బిగించుకుని నిలబడ్డాడు. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. ముసలామె నవ్వు ఆపి, కొడుకుని పిలిచింది.

మొదలాళి లోపలనుంచి రాగానే సెందిల్ ఆగకుండా చెప్పేశాడు. పండ్లు తిన్నది తనేనని, నింద వేరేవాళ్ళ మీద వేశానని, కడుపుతో ఉన్న మనిషి పని పోయిందని. ఆడవాళ్ళందరి చేతా నాలుకలు జాపించిన సంగతి కూడా చెప్పాడు.

మొదలాళి చిరాగ్గా చూశాడు. "పండు ఉన్నది తినడానికి కాదా? దీనికింత గొడవేంటయ్యా?" అని అక్కడే నిలబడి మేనేజర్‌కి ఫోను చేశాడు. ఆమెను తిరిగి పనిలోకి తీసుకోమన్నాడు. ఫోను జేబులో పెట్టుకుంటూ, "అయిపోయింది. వెళ్ళు, కాఫీ తాగి వెళ్ళు," అన్నాడు.

అంత తేలిగ్గా అయిపోయింది. నిన్న ఒక్క మాట అంటే ఇంతకన్నా తేలిగ్గా అయ్యుండేది. ఆ కాఫీ గ్లాసు చేతిలో కాలుతున్నా కింద పెట్టాలని అతనికి తోచలేదు.

కోవిల్‌పట్టిలో దిగగానే తిన్నగా ఇసక్కిసెల్వి ఇంటికి వెళ్ళాడు. ఆమె గడపలో కూర్చుని గోరుచిక్కుడుకాయలు గిల్లుతోంది. పాలసామి లోపలనుంచి వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు.

"అక్కా, మొదలాళితో చెప్పినా," అన్నాడు సెందిల్. "రేపు నువ్వు పనికి రావొచ్చు."

"ఏమని చెప్పినావు?"

"తినింది నేనే అని."

"యాడ?"

"విరుదునగర్‌లో. ఆయన ఇంట్లో."

ఇసక్కిసెల్వి చేతిలో కాయ గిన్నెలో వేసింది. "నన్ను దొంగ అనింది యాడ? విరుదునగర్‌లోనా?"

సెందిల్ వాకిట్లో ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పావం, మా అత్తకి నేనే చెప్పాలని ఉంటిని. మొదట ఆమె చేతిలో కల్కండు పెట్టి చెప్పాలని. ఊరంతా తెలిసినాక, వాంతి చేసుకొని, ఏడ్చుకుంటా చెప్పినా. అది నువ్వు మల్ల ఇస్తావా?" ఆమె గొంతు పెంచలేదు. "పని నాకు వొద్దు. ఆ వాసన నాకు పడేది లేదు. చెనక్కాయల కడలై మిఠాయి చేసే కాడ పని అడిగినాము, ఇస్తామనినారు. నువ్వు చెప్పాలంటే ఆ ఆడోళ్ళకాడ చెప్పు. వాళ్ళందురూ నోరు తెరిచినారు కదా."

"చెప్తానక్కా."

"నాకు చెప్పొద్దు. పో."

పాలసామి అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు. "పో తమ్ముడూ," అన్నాడు. ఆ తమ్ముడు అన్న మాట సెందిల్‌ని తిట్టుకన్నా ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు అన్నాల వేళ షెడ్డులో నిలబడి చెప్పాడు. మేనేజర్‌ని కూడా పిలిచాడు. మొదట తెలుగులో చెప్పాడు. గంపలో పండ్లు తినింది నేను, ఇసక్కిసెల్వి అక్క కాదు, నాలికలు చూడాలనింది కూడా నేనే, సారు కాదు. పెద్దమ్మ అడిగింది ఒకటి, నేను సారుకి చెప్పింది ఒకటి. తర్వాత అదంతా తమిళంలో మళ్ళీ చెప్పాడు. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది. మేనేజర్ ముఖం ఎర్రబడడం చూస్తూ చెప్పాల్సి వచ్చింది. తనను మొదలాళి ముందు వెర్రివాణ్ణి చేశాడన్నదే ఆయన బాధ.

ఆడవాళ్ళు విన్నారు. ఎవరో ఒకరు తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. ఎవరూ తిట్టలేదు. కొంగు అడ్డం పెట్టుకున్న ఆ పళ్ళులేని ముసలామె మెల్లగా లేచి తన గిన్నె కడుక్కోవడానికి వెళ్ళింది. పెరియనాయగి మాత్రం, "చెప్తివి కదా. పో, అన్నం తిను," అంది. ఆ గొంతులో చనువు లేదు, కసి లేదు.

వారం తిరక్కుండా సెందిల్ మళ్ళీ బండిళ్ళ లోడింగుకి మారాడు. ఇస్త్రీ చొక్కాలు పెట్టెలోకి పోయాయి. తల్లి కొద్దిరోజులకు ఇంట్లో తెలుగు మాట్లాడడం మొదలుపెట్టింది. కానీ అవసరమైనంత వరకే. ముందులా కంపెనీ కబుర్లు చెప్పేది కాదు. ఎవరైనా ఆడమనిషి ఎదురొచ్చి నవ్వుతూ నోరు తెరిస్తే చాలు, సెందిల్ తల వంచుకుని పక్కకు తప్పుకునేవాడు. అది అలవాటైపోయింది.

వానలు పడ్డాక, ఇసక్కిసెల్వికి గాజులు తొడిగే వేడుక, సీమంతం, వచ్చింది. అది కడంబూరు దగ్గర అత్తగారి ఊళ్ళో పెట్టారు. వళ్ళిని పిలిచారు, పెరియనాయగిని పిలిచారు. సెందిల్‌ని పిలవలేదు. బస్సు లేని ఊరు కాబట్టి తల్లిని బండి మీద దింపి, వీధి చివర వేపచెట్టు పక్కన నిలబడ్డాడు. ఇంటి ముందు పందిరి, మైకులో పాటలు. ఆడవాళ్ళు వంగి వంగి గాజులు తొడుగుతున్నారు. అంత దూరం నుంచి ఇసక్కిసెల్వి చేతులు మాత్రం కనిపిస్తున్నాయి, మోచేతుల దాకా ఎర్రగా, పచ్చగా.

కాసేపటికి ఒక పెద్దామె వాకిట్లోంచి అతణ్ణి చూసి, ఆకుపళ్ళెంలో చింతపండు అన్నం, నిమ్మకాయ అన్నం, అప్పడం పెట్టుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చింది. నాగమ్మాళ్, ఇసక్కిసెల్వి అత్త.

"ఎవరి పిల్లవానివి నాయనా? ఈడనే నిలబడినావే, లోపలికి రాకూడదా?"

"వళ్ళి కొడుకును అవ్వా."

"ఓ, అగ్గిపెట్టెల కంబెనీ వళ్ళా? నువ్వూ ఆడనేనా పని?" పళ్ళెం అతని చేతిలో పెట్టబోతూ ఆమె ఆగింది. ముఖం ముడుచుకుంది. "ఆడ ఒకడు ఉండాడంట కదా, మా కోడల్ని అందరి ముందరా నాలిక జాపమనినోడు. వాడు ఇంకా ఉండాడా?"

వీధిలో ఎవరూ లేరు. తెలియదని చెప్పొచ్చు. మానేశాడని చెప్పొచ్చు. ఆమె నమ్మి, పళ్ళెం ఇచ్చి, ఇంకో గరిటె కూడా తెచ్చి వేసి ఉండేది.

"ఉండాడు అవ్వా," అన్నాడు సెందిల్. "నేనే."

నాగమ్మాళ్ అతణ్ణి కిందినుంచి పైదాకా చూసింది. పళ్ళెం చేతిలోనే పట్టుకుని చాలాసేపు నిలబడింది. అది వెనక్కి తీసుకుపోతుందని అతను అనుకున్నాడు, తీసుకుపోతే న్యాయమే అనుకున్నాడు. చివరికి ఆమె పళ్ళేన్ని బండి సీటు మీద పెట్టింది. తినమని అనలేదు. తిరిగి పందిరి వైపు నడిచింది.

సెందిల్ ఆ పళ్ళెం పక్కన నిలబడ్డాడు. అప్పడం గాలికి మెత్తబడింది. తల్లి చేతినిండా కొత్త గాజులతో బయటికి వచ్చేసరికి అన్నం చల్లారిపోయింది.

"తినలేదా?" అంది వళ్ళి.

"అవ్వ అడిగింది. చెప్పినా."

వళ్ళికి ఏం అడిగిందో, ఏం చెప్పాడో అర్థమైంది. పందిరివైపు ఒకసారి చూసింది. తర్వాత పళ్ళెం తీసి కొడుకు చేతిలో పెట్టి, బండికి ఆనుకుని నిలబడింది.

అతను మెతుకు మిగల్చకుండా తిన్నాడు, తల ఎత్తకుండా.